ఆషాఢ మాసపు అంపకము

ఆడుపిల్లను ఇల్లు దాటించుటకు మన పెద్దలు ఏర్పరచిన పద్ధతి యొకటి యున్నది. పెండ్లి ముగిసిన పిమ్మట అప్పగింతలు జరుగును. పాలలో ముంచిన పిల్ల చేతులను అత్తమామల చేతులలో నుంచుదురు. ముత్తైదువలు పాట యెత్తుకొందురు. తల్లి యెప్పుడు కంట తడి పెట్టవలయునో, మేనత్త యెప్పుడు పరిహాసమాడవలయునో, సారె పెట్టె యెవరు మోయవలయునో అంతయు ముందే నిర్ణయమై యుండును. దుఃఖమునకు సైతము ఒక క్రమమున్నది గనుక దానిని భరించుట కొంత సులువగును.

కాని పదునెనిమిదేండ్ల పిల్లను పెండ్లి మాట లేకయే సైనిక శిక్షణాలయమునకు పంపవలసి వచ్చినచో ఏ పాట పాడవలయును? ఎవరి చేతిలో చేయి పెట్టవలయును? మా యింట ఈ ప్రశ్న 2023వ సంవత్సరమున వచ్చినది. అదియు ఆషాఢ మాసమున! క్రొత్త కోడండ్రు పుట్టింటికి వచ్చు మాసమున మా పిల్ల పుట్టిల్లు విడిచి బయలుదేరవలసి వచ్చెను. మా అత్తగారు పంచాంగము మూసి, "మంచి మాసమే దొరికినది" అని యూరకుండిరి.

అప్పటినుండి మా పరిచితులలో ఆడుపిల్లల తల్లులు పలువురు, అచ్చటికి ఎట్లు పోయితిరి, ఏమి చూచితిరి, ఎట్లు విడిచి రాగలిగితిరి అని అడుగుచునే యున్నారు. ఒక్కొక్కరికి చెప్పుటకంటె వ్రాయుట మేలని తోచినది.

పూనా నగరమునకు సమీపమున ఖడక్‌వాస్లా యను చోట నేషనల్ డిఫెన్సు అకాడమీ యున్నది. సైన్యము, నౌకాదళము, వాయుసేన అను మూడింటికిని కాబోవు అధికారులు అచ్చట మూడేండ్లు ఒక్క కప్పు క్రింద చదువుకొని శిక్షణ పొందుదురు. 1949 జనవరి 1వ తేదీన డెహ్రాడూనులో ఆరంభమైన ఈ ఏర్పాటు, 1954 చివర ఖడక్‌వాస్లాకు తరలి వచ్చినది. నాటినుండి అరువదేండ్లకు పైబడి అది మగపిల్లల చదువుగనే యుండెను. 2021 ఆగష్టు 18వ తేదీన బాలికలును ప్రవేశపరీక్ష వ్రాయవచ్చునని సుప్రీముకోర్టువారు ఉత్తరువిచ్చిరి. మరుసటి యేట 19 మంది బాలికలు చేరిరి. వారిలో 17 మంది 2025 మే 30వ తేదీన శిక్షణ ముగించుకొని, పటాలముతో అడుగు కలిపి నడచుటను మేమందరము టెలివిజనులో చూచితిమి. మా పిల్ల వారికి ఒక యేడు వెనుకది.

కోర్టు ఉత్తరువు పత్రికలో వచ్చిన దినమున ఆమె ఇంటర్మీడియటు మొదటి సంవత్సరములో నుండెను. "నాన్నగారూ, నేనును వ్రాయుదునా?" అని యడుగగా మావారు పత్రికనుండి తల యెత్తకయే "వ్రాయుమమ్మా, పరీక్షయే గదా" అనిరి. ఇంటిలో పెద్ద పెద్ద సంగతులు తరచుగ ఇట్లే నిర్ణయమగుచుండును. మరుసటి యేడు లెక్కలు, సామాన్య విజ్ఞానము కలిసి 900 మార్కులకు పరీక్ష వ్రాసినది. తండ్రిని వెంటబెట్టుకొని మైసూరు పోయి, అయిదు దినములు అచ్చటి అధికారుల ప్రశ్నలకు, పరుగులకు, గోడలు దూకించుటకు నిలిచినది. మొదటి దినముననే పలువురిని తిప్పి పంపివేయుదురు. తిప్పి పంపినచో బాగుండునని మేము లోలోపల అనుకొనుచునే, దేవుని గదిలో దీపము పెట్టితిమి. తల్లి మనస్సు రెండు త్రోవల నడచుట క్రొత్త గాదు గదా.

జూన్ నెలలో కాగితముల కట్ట యొకటి వచ్చినది. తీసికొని పోవలసిన వస్తువులు, చూపవలసిన ధ్రువపత్రములు, కట్టవలసిన డబ్బు, ఇవన్నియు మావారు చూచుకొనిరి. మేము శ్రద్ధగ చదివినవి రెండే. శిక్షణ పూర్తియగువరకు పెండ్లి చేసికొనరాదను నియమము మొదటిది. దానిని తెలుగు చేసి వినిపింపగా అత్తగారు ముక్కుమీద వ్రేలు వేసికొని, "పెండ్లి చేయుదుమని వ్రాయించుకొనువారిని చూచితిని గాని, చేయమని వ్రాసి యిమ్మనువారిని ఇప్పుడే చూచుట" అనిరి. పిల్ల మాత్రము ఆ కాగితమును మా కందరికంటె ప్రియముగ చూచుకొనెను. సంబంధములు తెచ్చువారికి చూపుటకు ఒక నకలు ఇంటిలో నుంచుమని కూడ చెప్పినది.

రెండవది తల్లిదండ్రుల సంతకము. శిక్షణలో పిల్ల గాయపడినను, ఆ గాయమునకు చేయు శస్త్రచికిత్సలో అంగవైకల్యమో మరణమో సంభవించినను, ప్రభుత్వమునుండి నష్టపరిహారము కోరుటకు హక్కు లేదని మేమెరిగి ఒప్పుకొనుచున్నామని దాని సారాంశము. మరణమను మాట అందులో ఒక్కచోటనే యున్నది. మాకు మాత్రము కాగితమంతట అదియే కనబడినది.

ఆ రాత్రి మాకు సూర్యాపేట తల్లి జ్ఞప్తికి వచ్చినది. 2020 జూన్ నెలలో గల్వాను లోయలో ప్రాణములు విడిచిన కర్నలు సంతోష్‌బాబు విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, పిమ్మట ఈ ఖడక్‌వాస్లాకే పోయినవారు. ఆయన తల్లియు ఒకనాడు ఇట్టి కాగితమునే చేతిలో పట్టుకొని యుండును. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరమని పేరు పడిన గ్రామమున్నది. అచ్చటి యిండ్లనుండి తరతరములుగ మగపిల్లలు సైన్యమునకు పోవుచునే యున్నారు. ఆ తల్లులెవ్వరును మాకంటె తక్కువ మమత గలవారు కారు. మగపిల్లవానికి వర్తించు కాగితము ఆడుపిల్లకును వర్తించినప్పుడు మాత్రము లోకము ఎందులకు ఉలికిపడవలయునని మమ్ము మేము ప్రశ్నించుకొంటిమి. ప్రశ్న న్యాయమైనదే. దాని వలన నిద్ర మాత్రము రాలేదు.

వాటికి సాక్షుల సంతకములు కావలసి యుండెను. మా బావగారు కలము తీసి, ఒక మారు చదివి, కలము క్రింద పెట్టివేసిరి. "ఆడుపిల్లమీద ఇట్టి వ్రాతకు నేను సాక్షినా? నా వలన కాదు తల్లీ" అనిరి. ఆయన కోపముతో అనలేదు. పిల్లను చిన్ననాడు భుజముమీద మోసినవారు. గదిలో ఎవ్వరును మాటాడలేదు. మా తోడికోడలు, మేము అక్కయ్యగారని పిలుచుదుము, వంటయింటినుండి చేతులు తుడుచుకొనుచు వచ్చి, ఆ కలమే తీసికొని, ఎచ్చట చేయవలయునో చూపించుకొని, తన పేరు పూర్తిగ వ్రాసిరి. ఆమె పెండ్లినాటికి పదవ తరగతి ముగియలేదు. ఆ సంతకము చేయునప్పుడు ఆమె ముఖము మేమెన్నడును చూచి యుండలేదు.

తరువాత పెట్టె సంగతి. నల్లని ఇనుప పెట్టె యొకటి కొని, పేరు వ్రాయించుటకు విజయవాడ వన్‌టౌనులో అక్షరములు వ్రాయు నొకరి యొద్దకు పోయితిమి. ఆయన తెల్లరంగు కలుపుచు అలవాటు చొప్పున "పేరుకు ముందు చి.ల.సౌ. అని వ్రాయమందురా?" అని యడిగెను. పెండ్లికూతుండ్ర పెట్టెలు వ్రాసి వ్రాసి ఆయన చేయి అట్లు నడచుచున్నది. పిల్ల ఫక్కున నవ్వి, "వద్దు బాబాయిగారూ, ఇంటిపేరును నా పేరును చాలును" అనినది.

జడ సంగతియు వ్రాయక దాటరాదు. పొట్టి జుట్టు తేలికయని యెవరో చెప్పగా విని, ప్రయాణమునకు వారము ముందే తానే పోయి నడుమునకు దిగిన జడను చెవుల క్రిందికి కత్తిరించుకొని వచ్చినది. అత్తగారు ఏమియు అనలేదు. బీరువాలోని జడగంటలను తీసి, తుడిచి, మరల గుడ్డలో చుట్టి పెట్టిరి. మరునాటినుండి మూడు దినములు ఇల్లంతయు మినుముల కమ్మదనమే. సున్నుండలు, కజ్జికాయలు చేసి పెద్ద డబ్బాకు నింపిరి. తినుబండారములు పట్టికలో లేవని చెప్పగా, "పట్టిక వ్రాసినవారికి ఆడుపిల్ల లేదు కాబోలు" అనిరి. అది సారెయే. ఆ మాట నోట అనలేదు, అంతే.

ముంబయి పోవు బండి తెల్లవారుజామున విజయవాడలో ఎక్కితిమి. మావారు, మేము, పిల్ల, పెట్టె, డబ్బా. సికింద్రాబాదు వరకు ప్రయాణము మన యింటి ముంగిటివలె నుండెను. వికారాబాదు అడవులు, తాండూరు నాపరాళ్ళ గుట్టలు, వాడి దాటిన పిమ్మట కందిచేల నల్లరేగడి నేలలు. ఆషాఢమైనను ఆ యేడు వాన అచ్చట ఇంకను సరిగ దిగలేదు. పిల్ల కిటికీ ప్రక్కన కూర్చుండి, తండ్రి చేత గడియారము పెట్టించుకొని, ఊపిరి బిగబట్టి లెక్కించుకొనుచుండెను. నీటిలో మునుగుట నేర్పుదురట. మేము చూచియు చూడనట్లుంటిమి.

షోలాపూరులో మా కెదురుగ ఒక గృహిణి వచ్చి కూర్చుండి, మా మాటలు విని తెలుగున పలుకరించినది. షోలాపూరులో తెలుగు పద్మశాలీలు వేలకొలది కుటుంబములు తరతరముల క్రిందట మగ్గములతో వలసపోయి స్థిరపడినవారు. ఆమె తెలుగులో మరాఠీ యాస నిండుగ నున్నను, "అమ్మా" అని పిలుచుట మాత్రము మన పల్లెలోని పిలుపే. ఆమె లేకున్నచో తరువాతి ముచ్చట మాకు అర్థమయ్యెడిది కాదు.

కుర్దువాడి జంక్షనులో పెట్టె యంతయు ఒక్కసారిగ నిండిపోయినది. పండరపురమునకు దారి అచ్చటనే చీలును. ఆ యేడు ఆషాఢ శుద్ధ ఏకాదశి జూన్ 29న వచ్చినది. అది గడచి రెండు దినములే యగుటచే, విఠోబా దర్శనము చేసికొని మరలివచ్చు వార్కరీలు, తెల్ల టోపీల పురుషులు, తలపై ఇత్తడి తులసికోటలు మోయు స్త్రీలు, తాళములు మెడలో వ్రేలాడుచుండగా ఎక్కిరి. డెబ్బది యేండ్లకు తక్కువ లేని అవ్వ యొకతె మా పిల్ల ప్రక్కన చోటుచేసికొని కూర్చుండి, క్రింద నున్న నల్లపెట్టెను, పిల్లను, మమ్మును మార్చి మార్చి చూచి, ఏదో యడిగినది.

"పిల్లను అత్తవారింటికి తీసికొని పోవుచున్నారా అని యడుగుచున్నదమ్మా" అని షోలాపూరామె చెప్పినది.

కాదు, సైన్యములో అధికారి కావలెనని చదువుటకు అని చెప్పించితిమి. అవ్వ ఔననలేదు, కాదనలేదు. వంగి, పిల్ల పాదములను చూచినది. బూటు విప్పుమని సైగ చేసినది. పిల్ల సిగ్గుపడుచు విప్పగా మడమను బొటనవ్రేలితో నొక్కి చూచి, షోలాపూరామెతో చాలసేపు చెప్పినది. ఆళందినుండి పండరి దాదాపు మూడు వారముల నడక. తాను ముప్పదియేండ్లుగ నడచుచున్నది. మొదటి యేడు ఇంటివారు పోనీయలేదట. పొక్కులు మూడవనాడు వచ్చును, చిదుపరాదు. రాత్రి కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టవలయును. ఆరవనాటికి కాలు మాట వినును. ఇంతియే ఆమె ఉపదేశము. ధైర్యమును గూర్చి గాని, దేశమును గూర్చి గాని ఒక్క మాట లేదు. మూట విప్పి నల్లని బుక్కా పిల్ల నొసట పెట్టి, ప్రసాదమని గుప్పెడు మరమరాలు, రెండు బత్తాసులు చేతిలో పోసినది. పిల్ల వంగి ఆమె పాదములు తాకినది. ఆ పాదముల అడుగున నున్న చర్మము చెప్పు అట్టవలె నుండెను.

పూనా చేరునప్పటికి రాత్రి బాగుగ ప్రొద్దుపోయినది. స్టేషనుకు సమీపమున ఒక బసలో ఆ రాత్రి గడపితిమి. పిల్ల తల వాల్చగనే నిద్రించినది. మావారు కాగితములను మూడు మారులు లెక్క పెట్టిరి. పోబోవువారికి ఇచ్చట ఒక మాట: ధ్రువపత్రముల నకళ్ళు అడిగినవానికంటె నాలుగు ఎక్కువ యుంచుకొనుడు. తాళములు రెండు కొని, రెండవ తాళపుచెవి పిల్లకే యిండు, మీ సంచిలో మరచిపోవుదురు.

మరునాడు ఉదయము సన్నని వాన. నగరమునుండి నైరృతి దిక్కుగ కారు ప్రయాణము. వార్జే, శివణే దాటిన పిమ్మట కొండలు దగ్గరకు జరిగినవి. దూరమున మేఘములలో సగము మునిగిన కొండను చూపి, అది సింహగడమని కారు నడుపునతడు చెప్పెను. 1670వ సంవత్సరమున తానాజీ మాలుసరే ఆ కోటను గెలిచి, ఆ పోరాటముననే ప్రాణము విడిచెను. కుమారుని పెండ్లికి శివాజీని పిలువ వచ్చినవాడు, ముందు కోట పెండ్లి, పిమ్మట కొడుకు పెండ్లి యని కత్తి పట్టెనని ఆ దేశమువారు కథగ చెప్పుకొందురు. మావారు మా వైపు తిరిగి, "చూచితివా, ఇచ్చట పెండ్లి వాయిదా వేయుట పూర్వాచారమే" అనిరి. ప్రయాణమంతటిలో ఆయన ఆడిన పరిహాసము అదొక్కటే. అదియు నవ్వించుటకు కాదని మాకు తెలియును.

కొండల నడుమ ఖడక్‌వాస్లా సరస్సు. ముఠా నదికి అడ్డముగ 1879 నాటికి కట్టిన ఆనకట్టవలన ఏర్పడినది. 1961 జూలై 12వ తేదీన ఎగువనున్న పాన్‌షెత్ ఆనకట్ట తెగగా, ఆ వరదకు ఇదియు తెగి పూనా నగరమును ముంచివేసినదట. నాడు మేము చూచినప్పుడు నీరు బూడిదరంగున నిశ్చలముగ నుండెను. సరస్సు ఉండుట, సముద్రమును విమానస్థలమును మరీ దూరము కాకుండుట, గాలి ఆరోగ్యకరమగుట చూచి ఈ చోటును ఎన్నుకొనిరని చెప్పుదురు.

ద్వారము దాటిన పిమ్మట చాలదూరము చెట్లు, గడ్డిమైదానములు, సైకిళ్ళు వరుస తప్పక పోవుచున్న బాలురు. ఏడువేల యెకరములకు పైబడిన చోటది. అప్పుడు పెద్ద గుమ్మటము కనబడినది. అదియే సూడాను భవనము. నల్లరాయి, జోధపూరు ఎఱ్ఱరాయి కలిపి కట్టిన మూడంతస్తుల మేడ. మన దేశపు కట్టడమునకు ఆఫ్రికాలోని సూడాను పేరెందులకని మేము మునుపే చదివి తెలిసికొని యుంటిమి. రెండవ ప్రపంచ యుద్ధమున, 1941 ప్రాంతమున, సూడానును కాపాడుటకు పోరాడి మడసిన భారత సైనికుల జ్ఞాపకార్థము ఆ దేశపు ప్రభుత్వము లక్ష పౌనులు బహూకరించినది. దేశవిభజన పిమ్మట మన వంతుకు వచ్చిన 70,000 పౌనులను ఈ అకాడమీ నిర్మాణమునకు వినియోగించిరి. పరుల నేలమీద ఒరిగిన బిడ్డల విలువగ వచ్చిన ధనము! వారి తల్లులలో ఈ మేడను చూచినవారెవరైన నుందురా యని ఆ వానలో మాకు తోచినది. మేము చూచుచున్నాము. లోపలికి మా బిడ్డను పంపుచు చూచుచున్నాము.

చేరువారిని ఒక పెద్ద శాలలో కూర్చుండబెట్టిరి. బల్లలు, వరుసలు, పేరు పిలుచుట, కాగితములు చూచుట. మగపిల్లలు వందలకొలది. ఆడుపిల్లలు ఒక మూల బెంచీలమీద ఇమిడినంత మంది. స్త్రీ అధికారిణి యొకతె ఆకుపచ్చని దుస్తులలో, ముప్పది యేండ్లలోపు వయస్సున, మా యెదుటికి వచ్చి చేయి చాచినది. మేము తెలియకయే పిల్ల చేతిని పట్టుకొని ముందునకు చాచితిమి. ఆమె చేయి చాచినది ఫైలు కొఱకు. ఆమె నవ్వలేదు. ఫైలు తీసికొని, పేజీలు త్రిప్పి, "ఆహారపదార్థములు గదిలో ఉంచరాదు" అని హిందీలో మెల్లగ చెప్పి, డబ్బావైపు చూచినది.

మూడు దినముల మినుముల కమ్మదనము! డబ్బా ఒడిలో పెట్టుకొని వరండాలో కూలబడితిమి. ప్రక్కన హర్యానాలో రోహ్‌తక్కునుండి వచ్చిన తల్లి యొకతె, ఆమె ఒడిలోను ఒక డబ్బా. ఆవల సతారానుండి వచ్చినామెకు కాగితపు పెట్టె నిండ కందీ పేఢాలు. పాలక్కాడునుండి వచ్చినామెకు అరటికాయ ఉప్పేరి. నలుగురము ఒకరి నొకరు చూచుకొంటిమి. ఎవరు ముందు మూత తీసిరో జ్ఞాపకము లేదు. క్రొత్త పెండ్లికూతురు సారెను వీథిలో పంచినట్లు ఆ వరండా యంతయు పంచితిమి. పిల్లల తండ్రులకు, వరుసలోనున్న మగపిల్లలకు, బల్లల యొద్ద వ్రాయుచున్నవారికిని పెట్టితిమి. రోహ్‌తక్కు తల్లి సున్నుండ కొరికి, కన్నులు మూసి, ఏ పప్పు అని యడిగినది. మినుములని చెప్పుటకు మావారి హిందీ చాలలేదు. ఆమె చేసి తెచ్చినది నేతిలో తడిపిన గోధుమ చూర్మా. మాకు హిందీ రాదు, ఆమెకు హిందీ తప్ప మరేమియు రాదు. అయినను ఆమెకు ఇరువురు కుమారులు, ఈమె ఒక్కతెయే కూతురు అనియు, ఇంటి పెద్దలు ఇష్టపడలేదనియు మేము గ్రహించితిమి.

పేరు వినబడినది. పెట్టెను తీసికొని రమ్మనిరి. మావారు చటుక్కున వంగి పట్టుకొనబోగా అధికారిణి వలదని చేయి చూపినది. తమ పెట్టె తామే మోయవలయునట. పిల్ల ఒక ప్రక్క పిడి పట్టి ఎత్తజూచినది, లేవలేదు. రోహ్‌తక్కు పిల్ల వచ్చి రెండవ పిడి పట్టుకొన్నది. ఇరువురును ఆ పెట్టెను ముప్పది గజములు మోసికొని పోయి, మరల పరుగెత్తి వచ్చి ఆమె పెట్టెను మోసికొని పోయిరి. మా పిల్ల మా యొద్దకు వచ్చి, సెల్‌ఫోను మా చేతిలో పెట్టి, "అమ్మా, దీని ఛార్జి ఊరకే పోనీయకు, ఆపి యుంచు" అనినది. మేము ఇంకేదో అందువనుకొంటిమి. ఆమెయు ఇంకేదో అందుననుకొని యుండును. నొసట బుక్కా మచ్చ వానకు కొంచెము కరగి యుండెను. కొంగుతో తుడువబోయి, ఉండనిమ్మని విడిచితిమి.

వారిని వరుసలో నిలువబెట్టి నడిపించుకొని పోవునప్పుడు వెనుకనుండి చూచితిమి. జడయున్నచో గుర్తింతుము గదా. పొట్టి జుట్టులన్నియు ఒక్కటే. నడకను బట్టి గుర్తింపవచ్చునని చూచితిమి. నడక ఎవరికిని కుదురలేదు, అందరును అడుగు తప్పుచునే యున్నారు. మలుపు తిరుగు వరకు మేము చూచినది మా పిల్లనో, మరియొకరి పిల్లనో నేటికిని తెలియదు.

తరువాత తల్లిదండ్రులకు ఒక అధికారి వివరములు చెప్పెను. ఉత్తరములు వ్రాయవచ్చును, ఫోను ఎప్పుడు దొరకునో చెప్పలేము, డిసెంబరు సెలవులకు ఇంటికి పంపుదుము, కారణము లేక వచ్చి చూడబోకుడు అని. ఆయన మర్యాదగనే చెప్పెను. మూడేండ్ల పిమ్మట వాయుసేనకు ఎన్నికైన వారు హైదరాబాదు చెంత దుండిగల్లు వైమానిక అకాడమీకి పోవుదురని తెలిసి, మాకు అంత దుఃఖములోను ఒక గోరంత సంతోషము కలిగినది. మా పిల్ల ఎన్నికైనది వాయుసేనకే.

వెలుపలికి వచ్చు త్రోవలో, ఇచ్చట చదివి యుద్ధములలోను విధులలోను ప్రాణమిచ్చినవారికై కట్టిన చిన్న స్మృతిమందిరమున్నదని విని, అనుమతి యడిగి చూచితిమి. కాడెట్లే శ్రమించి కట్టినదట. లోపల పేర్లు, పేర్లు, పేర్లు. పరమవీరచక్రము పొందినవారు ముగ్గురు ఈ చదువునుండి వచ్చినవారే. వారిలో అరుణ్ ఖేత్రపాలునకు 1971 యుద్ధమున మరణించునాటికి ఇరువదియొక యేండ్లు. మేము పేర్లను పైనుండి క్రిందికి చదివితిమి. వాటిలో ఆడు పేరు లేదు. బాలికలు చేరుట క్రిందటి యేటనే మొదలైనది గనుక ఉండదు. చదువుట ముగిసిన పిమ్మటనే మేము దేనికొఱకు వెదకితిమో మాకు తెలిసినది. మావారు చెప్పులు తొడుగుకొని వానలో నిలిచి యుండిరి.

తిరుగు ప్రయాణమున చెప్పదగిన దేమియు లేదు. రెండు పడకలు, మూడవదానికి ఎవరో అపరిచితుడు.

ఇల్లు చేరగనే అత్తగారు డబ్బా తీసి చూచిరి. సున్నుండలకు బదులు అడుగున చూర్మా, నాలుగు పేఢాలు, కొంచెము ఉప్పేరి. "ఇదేమి? పిల్ల తినలేదా?" అనిరి. జరిగినది చెప్పితిమి. ఆమె చూర్మా చిటికెడు నోట వేసికొని చాలసేపు నమలి, "నెయ్యి మంచిదే. బెల్లము ఒక పాలు తగ్గినది" అనిరి. పిమ్మట కొంచెము ఆగి, "ఆ తల్లి ఎవరు? పెట్టెకు రెండవ ప్రక్క పట్టిన పిల్ల పేరేమి?" అని యడిగిరి. చెప్పితిమి. దేవుని గది గోడమీద, మా పిల్ల పరీక్షనాటినుండి పసుపుతో వ్రాసి యున్న పేరు ప్రక్కన, ఆ రెండవ పేరును తెలుగు అక్షరములలో తప్పులతో వ్రాసి బొట్టు పెట్టిరి.